కొత్తవాళ్ల టేబుల్‌కు మూడు క్లాసులు చాలు

అనంతపురం, కర్నూలు, కడపల్లో టేబుల్‌టాప్ ఆటల్లో కథనూ శత్రువులనూ నడిపిస్తున్న గేమ్ మాస్టర్లకు, కాలేజీ హాస్టళ్లలోనూ ఇళ్లలోనూ ఆదివారాల టేబుళ్లు ఏర్పాటు చేస్తున్న నిర్వాహకులకు నమస్కారం.

మీలో ఎక్కువమంది నడిపేది, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా డైస్ వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, లేదా దాన్నుంచి పుట్టిన ఆటే. మొదటిసారి వచ్చినవాళ్ల చేతికి 12 క్లాసుల (పాత్ర చేసే పనిని బట్టి పెట్టిన రకాల) పుస్తకం ఇచ్చి ‘నచ్చింది ఎంచుకోండి’ అంటున్నారు. మూడు గంటల ఆటలో సగం ఆ ఎంపికకే పోతోంది. ఆట రుచి తెలియకముందే విసిగి వెళ్లినవాళ్లు మళ్లీ రావడం లేదు. అందుకే మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాం. కొత్తవాళ్లు కూర్చునే ప్రతి టేబుల్‌కూ యోధుడు, నేర్పరి, మాంత్రికుడు అని మూడే క్లాసులు పెట్టండి. ఐదో లెవెల్ దాకా వాటితోనే ఆడించండి. పన్నెండింటిని మూడుగా ఎలా కుదించాలో, అలా కుదించేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుందో అంకెలతో సహా చెబుతాం.

ఈ మూడు మేం కొత్తగా కనిపెట్టినవి కావు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చినప్పుడు అందులో ఉన్నవి ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్ (గాయాలు నయం చేసే పూజారి) మాత్రమే. దొంగ వచ్చింది 1975 అనుబంధంలో. 1989 నాటి రెండో ఎడిషన్ అప్పటిదాకా పెరిగిన క్లాసులన్నిటినీ మళ్లీ నాలుగు గుంపుల కిందికి తెచ్చింది. 2000లో 11 అయ్యాయి, 2014లో 12. ఆ 12 కింద 2014 పుస్తకంలో 40 సబ్‌క్లాసులుంటే, 2024 కూర్పులో క్లాసుకు నాలుగు చొప్పున 48 ఉన్నాయి. ఈ ఆటను తెస్తున్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీయే 2019లో కొత్తవాళ్ల కోసం తెచ్చిన పెట్టెలో తోడు పాత్రలకు మాత్రం వారియర్, ఎక్స్‌పర్ట్, స్పెల్‌కాస్టర్ అని మూడే పెట్టింది. మేం అడుగుతున్నది తోడు పాత్రలకు సరిపోయిన ఆ ఏర్పాటును కొత్త ప్లేయర్లకూ ఇవ్వమనే.

క్లాసుల సంఖ్య ఒక్కటే అయితే అంత ఇబ్బంది లేదు. విజార్డ్, సార్సరర్, వార్‌లాక్ ముగ్గురూ చేసేది మంత్రం వేయడమే, కానీ 2014 నియమాల్లో లెక్కలు మూడు రకాలు. విజార్డ్ మొదటి లెవెల్‌లో పుస్తకంలో ఆరు స్పెల్స్ (మంత్రాలు) రాసుకుని, వాటిలోంచి ఏ రోజుకారోజు కొన్ని సిద్ధం చేసుకోవాలి. సార్సరర్‌కు రెండే వస్తాయి, రోజూ మార్చుకోవడం ఉండదు. వార్‌లాక్‌కు స్లాట్ (ఒక మంత్రం వేసే అవకాశం) ఒక్కటే, అది గంటసేపు విశ్రాంతికే తిరిగొస్తుంది. మిగతా ఇద్దరి స్లాట్లు రావాలంటే రాత్రంతా పడుకోవాలి. ఒకే టేబుల్ మీద ఈ ముగ్గురూ ఉన్నారంటే గేమ్ మాస్టర్ మూడు ఖాతాలు రాయాలి, కొత్త ప్లేయర్ పక్కవాడిని చూసి నేర్చుకునే దారి మూసుకుపోతుంది. పక్కవాడు చేసింది తను చేస్తే తప్పవుతుంది కదా. ఆ నియమాల్లో రేంజర్‌ది ఇంకో తరహా. ఏ జాతి శత్రువులను వేటాడతాడో మొదటి రోజే తేల్చుకోవాలి. ఆ జాతి కథలోకి రాకపోతే ఆ సామర్థ్యం షీట్ మీద అలా పడి ఉంటుంది. మీరు ఏ రాక్షసులను దించబోతున్నారో తెలియని ప్లేయర్‌ను ఆ ప్రశ్న అడగడమే అన్యాయం.

ఇక అసలు పని. కింది అంకెలు చాలావరకు ఐదో ఎడిషన్ నియమాలను అందరూ వాడుకునేందుకు కంపెనీ విడుదల చేసిన ఎస్ఆర్‌డీ 5.1 అనే పత్రం ప్రకారం.

ముందు జాతుల ఎంపిక తీసేయండి, అందరూ మనుషులే. పాత్రకుండే ఆరు ఎబిలిటీలకు (బలం, చురుకు లాంటివి) పెట్టే 15, 14, 13, 12, 10, 8 అనే స్టాండర్డ్ వరుసకు మనిషికొచ్చే ఒక్కో పాయింటు కలిపితే 16, 15, 14, 13, 11, 9 అవుతుంది. డైస్ మీద పడిన అంకెకు కలిపే మాడిఫైయర్లు +3, +2, +2, +1, 0, -1. ఏ అంకె ఎక్కడికి వెళ్లాలో కూడా మీరే నింపి ఇవ్వండి.

యోధుడికి ఫైటర్ చట్రం తీసుకోండి. స్ట్రెంగ్త్ (బలం) 16, కాన్‌స్టిట్యూషన్ (ఓర్పు) 15, డెక్స్టరిటీ (చురుకు) 14. హిట్ పాయింట్లు (పడిపోకుండా ఎంత దెబ్బ తట్టుకోగలడన్న లెక్క) 12. చైన్ మెయిల్ (గొలుసు కవచం), డాలు కలిపి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే శత్రువు డైస్ చేరాల్సిన అంకె) 18. ఫైటింగ్ స్టైల్ అడగకుండా డ్యూయలింగ్ రాసేయండి. అప్పుడు పొడవు కత్తి దెబ్బ 1డీ8+5 (ఎనిమిది ముఖాల డైస్ ఒకటి వేసి 5 కలపడం), కొట్టడానికి +5. గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు 7. అంటే డీ20 మీద 10 గానీ ఆపైన గానీ పడితే తగులుతుంది, వేటుకు 55 శాతం. తగిలితే ఎనిమిదింట ఏడుసార్లు గోబ్లిన్ అక్కడే పడిపోతుంది. వీటికి తోడు తనకు తాను 1డీ10+లెవెల్ పాయింట్లు తిరిగి తెచ్చుకునే సెకండ్ విండ్. మొదటి లెవెల్‌కు ఇంతే.

నేర్పరికి రోగ్ చట్రం. డెక్స్టరిటీ 16, తోలు కవచంతో ఆర్మర్ క్లాస్ 14, కాన్‌స్టిట్యూషన్ 14 కాబట్టి హిట్ పాయింట్లు 10. పొట్టి విల్లు దెబ్బ 1డీ6+3, స్నీక్ అటాక్ పడితే ఇంకో 1డీ6. కొత్తవాళ్లు తడబడేది ఈ స్నీక్ అటాక్ దగ్గరే. పుస్తకంలో షరతులు నాలుగైదు వాక్యాలున్నాయి. షీట్ మీద ఒక్కటే రాయండి: ‘మీ జట్టులో ఒకరు శత్రువును ఆనుకుని నిలబడి ఉంటే, ఈ దెబ్బకు ఒక డీ6 అదనం, టర్న్‌కు ఒకసారి.’ అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకోవడం) ఉన్నప్పుడు కూడా వస్తుందన్నది, డిసడ్వాంటేజ్ (తక్కువది తీసుకోవడం) ఉంటే రాదన్నది ఆటలో ఎదురైనప్పుడు మీరే చెప్పొచ్చు. ఆ అదనపు డీ6 లేకుంటే తగిలిన బాణాల్లో సగమే గోబ్లిన్‌ను పడగొడతాయి, ఉంటే 36లో 33. యోధుడి పక్కనే కదలాలని నేర్పరికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, ఈ తేడా చూశాక తనే కదులుతాడు.

మాంత్రికుడి దగ్గర కాస్త ఆగాలి. విజార్డ్ హిట్ డై (హిట్ పాయింట్లను లెక్కగట్టే డైస్) డీ6. కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్నా హిట్ పాయింట్లు 8 దాటవు. గోబ్లిన్ దెబ్బ 1డీ6+2, అంటే గరిష్ఠం 8. మాంత్రికుడి ఆర్మర్ క్లాస్ 12 కాబట్టి గోబ్లిన్ వేటు 65 శాతం తగులుతుంది, యోధుడి మీదైతే 35. మొదటి రౌండ్‌లోనే తగిలి, డీ6 మీద ఆరు పడిందంటే కొత్త ప్లేయర్ ఇంకా ఏమీ చేయకముందే నేలమీద ఉంటాడు. అందుకని మాంత్రికుడికి డీ8 ఇవ్వండి. హిట్ పాయింట్లు 10 అవుతాయి, ఒక్క మామూలు దెబ్బకు పడిపోడు, రెండు తగిలితే మాత్రం ప్రమాదమే. క్లెరిక్‌కూ డ్రూయిడ్‌కూ ఎలాగూ డీ8 ఉంది కాబట్టి ఆటలో లేనిదేదో తెచ్చినట్టు కాదు.

మంత్రాలు కార్డుల మీద ఇవ్వండి. ఎప్పుడూ చేతిలో ఉండేవి మూడు: ఫైర్ బోల్ట్, లైట్, మేజ్ హ్యాండ్. స్లాట్ ఖర్చయ్యేవి ఆరు: మ్యాజిక్ మిసైల్, బర్నింగ్ హ్యాండ్స్, షీల్డ్, మేజ్ ఆర్మర్, ఫెదర్ ఫాల్, క్యూర్ వూండ్స్. ఇంటెలిజెన్స్ +3, లెవెల్ 1 కలిపి రోజుకు నాలుగు సిద్ధం చేసుకోవచ్చు, అంటే ఆరు కార్డుల్లో నాలుగు చేతిలో, రెండు పెట్టెలో. స్లాట్లు రెండు. వాటికి రెండు రూపాయి బిళ్లలిచ్చి, మంత్రం వేసిన ప్రతిసారీ ఒకటి వెనక్కి తీసుకోండి. కాగితం మీద టిక్కులు పెట్టించడం కన్నా ఇదే త్వరగా అర్థమవుతుంది.

ఆ ఆరింటిలో స్లీప్ లేకపోవడం గమనించే ఉంటారు. మొదటి లెవెల్‌లో అంత ప్రసిద్ధమైన మంత్రం ఇంకోటి లేదు, అయినా కావాలనే వదిలేశాం. స్లీప్ 5డీ8 హిట్ పాయింట్ల శత్రువులను నిద్రపుచ్చుతుంది, సగటు 22.5. మూడు గోబ్లిన్లు కలిస్తే 21. ఒక్క మంత్రంతో మొదటి పోరాటం ముగిసిపోయి, మిగతా నలుగురు ప్లేయర్లు డైస్ పట్టుకుని ఊరికే కూర్చుంటారు. పైగా ఆ మంత్రానికి ఈ బలం మొదటి రెండు లెవెల్స్ వరకే. ఐదో లెవెల్‌లో ఎదురయ్యే శత్రువుల మీద అది దాదాపు పనిచేయదు కాబట్టి దాన్నే నమ్ముకున్న ప్లేయర్ తర్వాత నిరాశపడతాడు. బ్లెస్, డిటెక్ట్ మ్యాజిక్ వదిలేయడానికి కారణం వేరు. వాటికి కాన్సంట్రేషన్ (మంత్రం నిలవడానికి ఏకాగ్రత) కావాలి. దెబ్బ తగిలిన ప్రతిసారీ 10, లేదా దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే దాన్ని అందుకునేలా డైస్ వేయడం అన్నది ఇంకో నియమం. పైన చెప్పిన ఆరింటిలో ఒక్కదానికీ అది అక్కర్లేదు. మూడో లెవెల్‌లో ఇన్విజిబిలిటీ కార్డు ఇచ్చేటప్పుడు ఈ నియమాన్నీ దాంతోపాటే తెస్తే, ఎందుకుందో చూడగానే తెలుస్తుంది.

వైద్యం మీకు కలిగే మొదటి సందేహం అయి ఉంటుంది. క్లెరిక్ లేకపోతే జట్టు ఎలా నిలబడుతుంది? మా అభిప్రాయం గట్టిగానే చెబుతాం: నయం చేయడం ఒక క్లాస్ ఉద్యోగంగా ఉండకూడదు. అలా ఉన్న టేబుల్‌కు ఆలస్యంగా వచ్చినవాళ్ల మీదే క్లెరిక్ పడుతుంది, వాళ్లు ఆట పొడుగునా పక్కవాళ్ల హిట్ పాయింట్లు లెక్కబెడుతూ గడుపుతారు. క్యూర్ వూండ్స్ విజార్డ్ జాబితాలోది కాదు. దాన్ని మాంత్రికుడి కార్డుల్లో చేర్చడం మా సవరణ. తిరిగిచ్చేది 1డీ8+3, పైగా ఉన్న రెండు స్లాట్లలో ఒకటి పోతుంది, కాబట్టి మోతాదు మించదు. దాంతోపాటు ఆట మొదట్లో ఒక్కొక్కరికి ఒక హీలింగ్ పోషన్ ఇవ్వండి, తిరిగిచ్చేది 2డీ4+2. గంటసేపు ఆగినప్పుడు హిట్ డైస్ వేసుకుని కోలుకోవచ్చన్న నియమం పుస్తకంలో ఉన్నదే, చాలా టేబుళ్ల మీద మరిచిపోతున్నారు. ఈ మూడూ కలిస్తే క్లెరిక్ లేని జట్టు రెండు మూడు పోరాటాల రోజును దాటేస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. 1975లో దొంగ వచ్చినప్పటి నుంచీ ఈ ఆటను వెంటాడుతున్న చిక్కు ఒకటుంది. నక్కడం, తాళం తీయడం, గోడ ఎక్కడం ఒక క్లాస్ షీట్ మీద రాసి ఉంటే, రాయనివాళ్లు అది తమ పని కాదనుకుని ప్రయత్నించడమే మానేస్తారు. మూడు క్లాసులు పెట్టినప్పుడు ఇది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే నేర్పరి అన్న పేరే ఆ పనులన్నీ తనవని చెబుతున్నట్టుంటుంది. గండికోటలో పెన్నా లోయ వైపున్న గోడలో ఒక దిడ్డి తలుపు, అక్కడ ఇద్దరు కాపలా అనుకోండి. చప్పుడు కాకుండా దాటాలి, డీసీ (డైస్ చేరాల్సిన అంకె) 15. నేర్పరికి డెక్స్టరిటీ +3, రెట్టింపు ప్రొఫిషియన్సీ (శిక్షణకు కలిపే అంకె) +4 కలిపి +7 కాబట్టి 65 శాతం. మాంత్రికుడికి ఏ శిక్షణా లేకున్నా +2 ఉంది కాబట్టి 40 శాతం. యోధుడి డెక్స్టరిటీ కూడా +2 అయినా చైన్ మెయిల్ వల్ల రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి, 16 శాతానికి పడిపోతాడు. కవచం విప్పి వెళ్తే అతనికీ 40. ఈ లెక్క మీ దగ్గర ఉంచుకుని, ‘ఎవరైనా ప్రయత్నించవచ్చు, నేర్పరికి ఎక్కువ కుదురుతుంది’ అని మొదట్లోనే అందరికీ వినపడేలా చెప్పండి. యోధుడు కవచం విప్పాలా వద్దా అని టేబుల్ చుట్టూ వాదన మొదలైందంటే ఆట పట్టాలెక్కినట్టే.

లెవెల్ పెరిగేకొద్దీ షీట్ మీదికి ఒక్కో గీత చేరాలి, అంతకన్నా వద్దు. రెండో లెవెల్‌లో యోధుడికి యాక్షన్ సర్జ్ (టర్న్‌లో ఇంకో పని చేసే అవకాశం), నేర్పరికి కన్నింగ్ యాక్షన్ (చటుక్కున పరుగెత్తడం, నక్కడం), మాంత్రికుడికి మూడో స్లాట్. మూడులో యోధుడికి 19, 20 రెండింటికీ క్రిటికల్ (దెబ్బ డైస్ రెట్టింపు), నేర్పరికి స్నీక్ అటాక్ 2డీ6, మాంత్రికుడికి రెండో స్థాయి మంత్రాలు. నాలుగులో అందరికీ ముఖ్యమైన ఎబిలిటీకి రెండు పాయింట్లు. ఐదులో యోధుడికి రెండో వేటు, నేర్పరికి 3డీ6, మాంత్రికుడికి ఫైర్‌బాల్. అక్కడికి వచ్చేసరికి మాంత్రికుడి స్లాట్లు 4, 3, 2 కలిపి తొమ్మిది. మూడు గంటల టేబుల్ మీద జరిగే పోరాటాలు రెండో మూడో. ఒక్కో పోరాటంలో మూడు నాలుగు మంత్రాలు వేసే మాంత్రికుడి పక్కన రెండు వేట్ల యోధుడు చిన్నబోతాడు. 2014 నాటి నియమాలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు ఉంటాయన్న లెక్కతో రాసినవి, మన ఆదివారం టేబుల్‌కు అంత పొడవు లేదు. కాబట్టి లాంగ్ రెస్ట్‌ను (రాత్రంతా విశ్రాంతి) రెండు మూడు సెషన్లకు ఒకసారే ఇవ్వండి, షార్ట్ రెస్ట్ (గంటసేపు విశ్రాంతి) మాత్రం ప్రతి పోరాటం తర్వాత ధారాళంగా ఇవ్వండి. సెకండ్ విండ్, యాక్షన్ సర్జ్ షార్ట్ రెస్ట్‌కే తిరిగొస్తాయి. ఈ ఒక్క సర్దుబాటు చేయకపోతే మూడు క్లాసుల పద్ధతి నాలుగో లెవెల్ దగ్గర కుంటుతుంది.

మిగిలిన తొమ్మిది క్లాసుల సంగతి. వాటిలో చాలావరకు కథలే. పాలెగాడి కొలువు వదిలి వచ్చిన భటుడు, గుడి రక్షణకు ప్రమాణం చేసిన వాడు, అడవి తెలిసిన వేటగాడు ముగ్గురికీ యోధుడి షీటే చాలు. ఊరూరా తిరిగే నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు, సంతలో జేబులు కొట్టేవాడు, పాత శాసనాలు చదివే పంతులు నేర్పరి షీట్‌తో నడుస్తారు. కథ చెప్పించండి, అంకెలు కదిలించకండి.

అంకెల్లోనే తేడా కావాలని పట్టుబట్టేవాళ్లు కొన్ని సెషన్ల తర్వాత తప్పకుండా వస్తారు, అది మంచి లక్షణమే. వాళ్లకు మార్పిడి ఇవ్వండి: ఒకటి చేరితే ఒకటి పోవాలి. పాలడిన్ లే ఆన్ హ్యాండ్స్ (చేత్తో తాకి నయం చేయడం) కావాలంటే సెకండ్ విండ్ వదులుకోవాలి. లెవెల్‌కు ఐదు పాయింట్లు, ఎవరికైనా ఇవ్వొచ్చు, కానీ లాంగ్ రెస్ట్‌కే నిండుతాయి కాబట్టి న్యాయమైన బేరం. బార్డ్ ఇన్‌స్పిరేషన్ (తోటివాళ్ల డైస్‌కు అదనపు డైస్ ఇవ్వడం) కావాలంటే నేర్పరి తన రెట్టింపు ప్రొఫిషియన్సీ వదులుకోవాలి. స్నీక్ అటాక్‌ను మాత్రం మార్చనివ్వకండి, అది పోతే నేర్పరి దెబ్బకు విలువ ఉండదు. బార్బేరియన్ రేజ్ (తగిలే దెబ్బను సగం చేసే ఆవేశం) దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరం. నియమం ప్రకారం భారీ కవచంలో అది పనిచేయదు, చైన్ మెయిల్ భారీ కవచమే. స్కేల్ మెయిల్‌కు మారిస్తే డెక్స్టరిటీ +2తో మళ్లీ 16కే వస్తుంది, అడ్డు తొలగిపోతుంది. డాలు కూడా ఉంచారంటే 18 ఆర్మర్ క్లాస్, ఆపైన తగిలిన దెబ్బ సగమే. గోబ్లిన్లు ఎన్ని వచ్చినా అతనికి లెక్కలేదు, అతన్ని ఇబ్బంది పెట్టగల శత్రువును దించితే మాంత్రికుడు బతకడు. అందుకే రేజ్ తీసుకునేవాడు సెకండ్ విండ్‌తో పాటు డాలూ వదలాలి.

డ్రూయిడ్ జంతురూపం, మంక్ కీ పాయింట్లు ఈ చట్రంలో ఇమడవు. మొదటిదానికి ప్రతి జంతువుకూ విడిగా ఒక షీట్ కావాలి, రెండోదానికి మరో ఖాతా. అవి ఐదో లెవెల్ దాటిన టేబుళ్లకు వదిలేయండి. అలాగే పాత ప్లేయర్ ఎవరైనా పూర్తి 12 క్లాసుల్లోంచి కట్టుకొచ్చిన పాత్రతో కొత్తవాళ్ల టేబుల్‌కు వస్తే మర్యాదగా ఆపండి. అందరూ అవే మూడు షీట్లతో ఆడితేనే ఒకరిని చూసి ఒకరు నేర్చుకోగలరు.

షీట్ తయారీ గురించి కొంచెం. ఏ4 కాగితాన్ని మధ్యకు మడవండి. లోపలి ఎడమ పేజీలో అంకెలు, కుడి పేజీలో ‘మీ టర్న్‌లో ఇవి చేయవచ్చు’ అని నాలుగైదు వరుసలు, వెనక కథకు ఖాళీ. అక్షరాలు 14 పాయింట్లకు తగ్గకూడదు. ఇంగ్లిష్ షీట్ గడుల్లోనే తెలుగు నింపితే గడి ఎత్తు చాలక వత్తులు తెగిపోతాయి. ‘స్ట్రెంగ్త్’ అన్న మాటలో కింది భాగం గీతలో కలిసిపోయి, జిరాక్స్ తీశాక అసలు కనపడదు. వరుసల మధ్య కనీసం ఒకటిన్నర రెట్లు ఎడం పెట్టండి. డైస్ పెట్టెలోంచి డీ12ను, శాతాల డైస్‌ను ముందే తీసేయండి. ఈ మూడు షీట్లలో వాటితో పనే లేదు, హడావుడిలో డీ20 అనుకుని డీ12 వేసేవాళ్లు ప్రతి టేబుల్ మీదా ఉంటారు.

చివరగా హక్కుల విషయం. పుస్తకం పేజీలు జిరాక్స్ తీసి పంచే అలవాటు దయచేసి మానండి, దాని అవసరమే లేదు. 2023 జనవరిలో ఎస్ఆర్‌డీ 5.1ను క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్స్ కింద విడుదల చేశారు. పైన మేం వాడిన క్లాసులు, మంత్రాలు, గోబ్లిన్ అన్నీ అందులోనివే. తెలుగులోకి మార్చుకోవచ్చు, అచ్చు వేయవచ్చు, అమ్మవచ్చు కూడా. షరతు ఒకటే: విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ రాయమన్న అట్రిబ్యూషన్ వాక్యం, లైసెన్స్ పేరు, మీరు మార్పులు చేశారన్న మాట ఉండాలి. మాంత్రికుడి డీ8, క్యూర్ వూండ్స్ మార్పు మనం చేసినవి కాబట్టి ఆ మాట తప్పదు. షీట్ వెనక అడుగున రెండు వరుసలు దీనికి కేటాయించి, తర్వాతే జిరాక్స్ షాపుకు పంపండి.

ఇట్లు,
అనంతపురంలో కొత్తవాళ్ల టేబుళ్లు నడిపే కొందరు గేమ్ మాస్టర్లం